ఒంటరిగా చదివేవారి పక్కన నిలబడదాం

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన సహాయాన్నే అర్థిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన దరూద్, సలాములు పంపుతూ ఈ జుమా ప్రసంగాన్ని ఆరంభిస్తున్నాము.

ప్రియమైన సోదరులారా, సోదరీమణులారా! ముందుగా మాకు మేము, ఆ తరువాత మీ అందరికీ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని హితవు చెప్పుకుంటున్నాము. ఆయన మనకు ప్రసాదించిన శరీరమూ మనసూ రెండూ అమానతులే. శరీరం గురించి ప్రశ్నించబడినట్లే మనసు గురించి కూడా మనం ప్రశ్నించబడతాము. మన మనసు గురించి మాత్రమే కాదు, మన పక్కన నిలబడిన సోదరుని మనసు గురించి కూడా.

ఈ వారం ఒక తప్పును ఒప్పుకోవడంతో మొదలుపెడతాము. ఆ తప్పు మాదే. గత సంవత్సరం ఈ మస్జిద్‌లో రెండవ పంక్తిలో, స్తంభం పక్కన ఒక యువకుడు నిలబడేవాడు. జిల్లా నుండి వచ్చి, నాంపల్లిలో మరో ముగ్గురితో కలిసి అద్దె గదిలో ఉంటూ, అబిడ్స్‌లోని ఒక బట్టల దుకాణంలో పని చేసేవాడు. పగలు పని, రాత్రి చదువు. దూరవిద్యలో డిగ్రీ రెండవ సంవత్సరం. ఒక జుమా రోజు జనమంతా వెళ్ళిపోయిన తరువాత మా దగ్గరకు వచ్చి, “హజ్రత్, నిద్ర పట్టడం లేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి కానీ అర్థం కావడం లేదు. దుఆ చేయండి” అన్నాడు. మేము దుఆ చేశాము. నమాజు తప్పవద్దని చెప్పి పంపాము. ఎన్ని రాత్రులుగా నిద్ర లేదని అడగలేదు. అన్నం తింటున్నావా అని అడగలేదు. ఇంటికి ఫోన్ చేశావా అని అడగలేదు.

తరువాత మూడు జుమాలు అతను రాలేదు. ఆ స్తంభం పక్కన మరొకరు నిలబడ్డారు. పంక్తి నిండుగానే ఉంది కనుక లోటు మా కంటికి ఆనలేదు. నాలుగవ వారం అతని గదిలో ఉండే స్నేహితుడు వచ్చి జరిగినది చెప్పాడు. ఒక రాత్రి ఆ యువకుడు, తాను లేకపోయినా ఎవరికీ ఏమీ తేడా పడదని అన్నాడట. ఆ మాట విని ఈ స్నేహితుడు అతన్ని ఒంటరిగా వదలలేదు. తెల్లవారే దాకా పక్కనే కూర్చున్నాడు. ఉదయాన్నే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఆ స్నేహితుడు ఒక హోటల్‌లో చాయ్ అందించే పని చేస్తాడు. పెద్దగా చదువుకున్నవాడు కాదు. మింబరు మీద నిలబడే మేము చేయలేని పని అతను చేశాడు. అల్లాహ్ దయవల్ల ఆ యువకుడు కోలుకుంటున్నాడు. ఇది మీకు చెప్పమని, పేరు మాత్రం చెప్పవద్దని అతనే అన్నాడు.

సోదరులారా! అతను మాకు గుర్తు చేసిన ఒక ఘట్టం మీ ముందు ఉంచుతాము. మనకు తెలిసినదే. కానీ సగమే తెలుసునని ఇప్పుడు అనిపిస్తోంది.

హిరా గుహలో మహాప్రవక్త (స) ఒంటరిగా ఉన్నప్పుడు జిబ్రయీల్ (అలై) వచ్చి మొట్టమొదట ఇచ్చిన ఆజ్ఞ చదవమని. విద్య గొప్పదనం చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ మనం ఈ మాట చెబుతాము. పాఠశాలల గోడల మీద వ్రాస్తాము. అయితే ఆ తరువాత ఏమి జరిగింది? ఆయన కొండ దిగి ఇంటికి వచ్చారు. ఆయన వణుకుతూ ఉన్నారు. తనకు దుప్పటి కప్పమని అడిగారు. తనకేమైనా అవుతుందేమోనన్న భయాన్ని హజ్రత్ ఖదీజా (రజి) తో దాచకుండా చెప్పుకున్నారు. ఆమె ఏమి చేశారు? ముందు దుప్పటి కప్పారు. భయం తగ్గే దాకా ఆగారు. చెప్పినదంతా విన్నారు. బంధువులను ఆదుకునే, బలహీనుల భారం మోసే, అతిథులను ఆదరించే ఆయన మంచితనాన్ని ఒక్కొక్కటిగా గుర్తు చేసి, అల్లాహ్ మిమ్మల్ని అవమానపాలు చేయడని ధైర్యం చెప్పారు. అంతటితో ఆగకుండా, ఈ విషయం తెలిసిన పెద్దమనిషి, తన బంధువు వరఖా బిన్ నౌఫల్ దగ్గరకు స్వయంగా తీసుకువెళ్ళారు.

గమనించండి. చదవమన్న ఆజ్ఞ వచ్చిన రోజే భయమూ వచ్చింది. ఆ భయాన్ని చెప్పుకోవడం, ఒకరు వినడం, తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళడం కూడా ఆ రోజే జరిగాయి. చెప్పుకోవడం ప్రవక్త సున్నత్. వినడం మన తల్లి ఖదీజా (రజి) నడిచిన బాట. చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం గుహ దగ్గరే ఆగిపోతున్నాము. ఇంటి దాకా రావడం లేదు.

ఇప్పుడు మన పరిసరాలను చూడండి. ఒక వైపు నాంపల్లి రైల్వే స్టేషన్. ప్రతి ఉదయం జిల్లాల నుండి యువకులు సంచులు భుజాన వేసుకుని ఇక్కడ దిగుతారు. మరో వైపు అబిడ్స్. ఆదివారం దుకాణాలు మూసి ఉన్నప్పుడు కాలిబాట పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. ఆ పుస్తకాల ముందు మోకాళ్ళ మీద కూర్చుని బేరమాడేవారిలో చాలామంది పగలు పని చేసుకుని రాత్రి చదువుకునేవారే. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ద్వారా పాఠాలు కవర్లలో వచ్చిన కాలాన్ని మనలోని పెద్దలు ఎరుగుదురు. ఇప్పుడు పాఠం చేతిలోని ఫోన్‌లోకి వస్తోంది.

దూరవిద్యకు మన నగరం పుట్టినిల్లు వంటిది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన రాష్ట్రంలోనే ఏర్పడింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద నడుస్తోంది. దానికి తొలి ఉపకులపతి అయిన ఆచార్య జి. రాంరెడ్డి గారే 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు. 1998లో మన నగరంలో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యతోనే బోధన మొదలుపెట్టింది. కాలేజీకి వెళ్ళలేని కూలీకి, పెళ్ళితో చదువు ఆగిపోయిన సోదరికి, తండ్రి మరణంతో దుకాణంలో చేరిన కుర్రవానికి ఈ సంస్థలు తలుపు తెరిచాయి. ఇది గొప్ప మేలు. ఇందుకు కృతజ్ఞులమై ఉండాలి.

అయితే తలుపు తెరిచినవారు దారి పొడవునా తోడు రాలేరు. కాలేజీలో చదివే పిల్లవాడు రెండు రోజులు కనిపించకపోతే పక్క బెంచీవాడు అడుగుతాడు. దూరవిద్యలో పక్క బెంచీ లేదు. పాఠం అర్థం కాకపోతే తనకొక్కనికే అర్థం కాలేదనుకుంటాడు. పరీక్ష తప్పితే తానొక్కడే తప్పాననుకుంటాడు. ఇంట్లోవారు ‘ఉద్యోగం చేస్తున్నావు కదా, ఈ చదువెందుకు’ అంటారు. యజమాని ‘చదువుకుంటూ పనిలో నిద్రపోతున్నావు’ అంటాడు. ఇద్దరికీ జవాబు చెప్పలేక అతను మౌనం వహిస్తాడు. ఆ మౌనం నుండే ఈ జబ్బు మొదలవుతుంది.

ఒంటరిగా చేసిన నమాజు నమాజే. అయినా జమాతుతో చేసే నమాజుకు ఇరవై ఏడు రెట్ల ఘనత ఉన్నదని మహాప్రవక్త (స) తెలిపారు. ఒంటరిగా చదివే చదువూ చదువే. దానికి కూడా ఒక జమాత్ కావాలి. ఆ జమాత్‌ను విశ్వవిద్యాలయం పోస్టులో పంపలేదు. దాన్ని ఏర్పరచవలసినది మనమే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. మనసు కుంగినవానితో మనలో కొందరు ‘నీ ఈమాన్ బలహీనంగా ఉంది’ అంటారు. సోదరులారా, ఈ మాట అనే ముందు హజ్రత్ యాఖూబ్ (అలై) ను తలచుకోండి. ఆయన ప్రవక్త. కుమారుడు యూసుఫ్ (అలై) దూరమైన దుఃఖంతో ఆయన కళ్ళు తెల్లబడి చూపు పోయిందని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన ఈమాన్‌లో లోటు ఉందని ఎవరైనా అనగలరా? ఆయన దుఃఖించారు, అల్లాహ్ కారుణ్యం మీద ఆశ మాత్రం వదలలేదు. దుఃఖమూ ఆశా ఒకే హృదయంలో ఉండగలవు.

ఇమామ్ గజాలీ గారిని తలచుకోండి. 1095లో, బాగ్దాద్ నిజామియా మద్రసాలో నాటి పండితులలో అగ్రగణ్యులుగా ఉన్న రోజుల్లో, ఆయన నాలుక కదలలేదు. పాఠం చెప్పాలని ఎంత ప్రయత్నించినా మాట రాలేదు. అన్నం గొంతు దిగలేదు. వైద్యులు పరీక్షించి, ఈ వ్యాధి మనసు నుండి శరీరానికి దిగిందని చెప్పారు. ఈ సంగతి శత్రువులు చెప్పినది కాదు. తనకు జరిగినదాన్ని ఆయనే వ్రాసి పెట్టారు. ఆయనకు సుమారు రెండు శతాబ్దాల ముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీర ఆరోగ్యానికి ఒక భాగం, మనసు ఆరోగ్యానికి ఒక భాగం కేటాయించి గ్రంథం వ్రాశాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా కమ్ముకునే దుఃఖం వేరు అని విడదీసి, రెండింటికీ ఉపశమనం చెప్పాడు. మన పూర్వీకులు దాచని విషయాన్ని మనం ఎందుకు దాచుతున్నాము?

మరొక మాట. మన నగరంలో కోపం వచ్చినా, వేళాకోళం చేసినా ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి’ అంటాము. మన పిల్లలు కూడా నేర్చుకున్నారు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. గుండె జబ్బు ఆసుపత్రి పేరును మనం తిట్టుగా వాడము. కాన్పుల ఆసుపత్రి పేరును తిట్టుగా వాడము. దీన్ని మాత్రం వాడుతున్నాము. నాంపల్లిలో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే ఎర్రగడ్డలో దిగవచ్చు. దారి అంత దగ్గర. ఆ దారిని దూరం చేసినది మన నాలుకే. పరిహాసానికి అన్న ఆ ఒక్క మాట విని, నిజంగా వెళ్ళవలసిన ఒక బిడ్డ ఇంట్లోనే ఆగిపోతే ఆ లెక్క ఎవరి ఖాతాలో వ్రాయబడుతుంది? జబ్బుకు మందు వెతకమని మహాప్రవక్త (స) ఆదేశించారు. ఫలానా అవయవపు జబ్బుకు మాత్రమే వెతకమని అనలేదు. దుఆ చేద్దాం, దవా కూడా తీసుకుందాం. ఒకటి మరొకదానికి అడ్డు కాదు.

మనకోసం, మీకోసం, విశ్వాసులందరికోసం అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాము. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రాలు, ఆయన ప్రవక్త (స) పై సలాములు.

సోదరులారా! మహాప్రవక్త (స) మస్జిద్‌ను ఊడ్చి శుభ్రం చేసే ఒక మనిషి ఉండేవారు. కొన్నాళ్ళుగా కనిపించకపోయేసరికి ప్రవక్త (స) విచారించారు. మరణించారని తెలిసింది. తనకు ఎందుకు తెలుపలేదని అడిగారు. సమాధి దగ్గరకు వెళ్ళి జనాజా నమాజు చేశారు. అంతటి బాధ్యతల మధ్య ఆయన ఒక్క చోటు ఖాళీ కావడాన్ని గమనించారు. పంక్తి నిండుగా ఉన్నదని సరిపెట్టుకోలేదు. మా తప్పు ఎక్కడ ఉందో ఈ ఘటనలో మాకు కనిపించింది. ఇక చేయవలసినవి చెబుతాము.

మొదట చదువుకుంటున్న మా తమ్ములకు, చెల్లెళ్ళకు. అల్లాహ్ రోజును ఐదు నమాజులతో విభజించి ఇచ్చాడు. మీకు కాలేజీ గంట లేదు, కానీ అజాన్ ఉంది. ఫజ్ర్ తరువాత ఒక గంట చాలు, రోజూ ఒకే చోట కూర్చోండి. పరీక్షకు నెల ముందు రాత్రంతా మేల్కొనడం కంటే అది మేలు. ఇషా తరువాత కబుర్లను మహాప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. నేడు ఆ కబుర్లు ఫోన్‌లో ఉన్నాయి. దాన్ని చేతికి అందనంత దూరంలో ఉంచి పడుకోండి. అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడుపుతుంటే సల్మాన్ ఫార్సీ (రజి) ఆయనను కూర్చోబెట్టి తినిపించారు, నిద్రపుచ్చారు, తెల్లవారుజామున లేపారు. శరీరానికి, ఇంటివారికి కూడా హక్కులున్నాయని చెప్పారు. సల్మాన్ చెప్పినది సత్యమని ప్రవక్త (స) ఆమోదించారు. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు పరీక్షకు లేదా?

సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రంలో జరిగే సంప్రదింపు తరగతులకు వీలైనన్నిటికి వెళ్ళండి. పాఠం కోసమే కాదు. మీలాగే చదువుతున్న ఒక్కరి ఫోన్ నంబరైనా తీసుకుని రండి. వారానికొకసారి అస్ర్ తరువాత పబ్లిక్ గార్డెన్స్‌లో కలిసి నడవండి, చదివినది ఒకరికొకరు చెప్పుకోండి. ఒక పేపరు తప్పితే ఒక పేపరే తప్పింది. అది మళ్ళీ వ్రాయవచ్చు. సార్వత్రిక విద్యను స్థాపించినదే ఆగి ఆగి నడిచేవారి కోసం.

ఈ గుర్తులు తెలుసుకోండి. రెండు వారాలకు మించి నిద్ర చెడితే, ఆకలి పోతే, ఇష్టమైన పనులలో కూడా రుచి లేకపోతే, నేనెందుకూ పనికిరానన్న తలంపు వదలకపోతే వైద్యుని చూడండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు. ఆ గడియలోనే ఒక మనిషికి చెప్పండి. రాత్రి రెండు గంటలైనా సరే, ఎవరినైనా నిద్ర లేపండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా లభిస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవల నుండి మానసిక చికిత్స పొందే హక్కును ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. అది మీ హక్కు. సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇక అబిడ్స్, నాంపల్లి దుకాణాల యజమానులకు. మీ దగ్గర పని చేసే పిల్లలలో ఎవరెవరు చదువుకుంటున్నారో ఈ రోజే తెలుసుకోండి. పరీక్ష రోజుల్లో కూలి కోయకుండా సెలవు ఇవ్వండి. అది మీ సదఖాలలో వ్రాయబడుతుందని ఆశిస్తున్నాము.

ఇళ్ళలో ఉన్న భర్తలకు, అత్తమామలకు. గిన్నెలు కడిగిన తరువాత పుస్తకం తెరిచే కోడలు మీ ఇంట్లో ఉంటే, ఆ గంట ఆమెను పిలవకండి. మగవారు ఆ గంట పిల్లలను ఎత్తుకుంటే చిన్నతనం కాదు. మహాప్రవక్త (స) ఇంటిపనిలో ఇంటివారికి సాయపడేవారు.

ఇలాంటి చదువు పూర్తి చేసినవారు ఈ జమాత్‌లో ఎందరో ఉన్నారు. నమాజు తరువాత కాసేపు ఆగి, మీ పేర్లు మాకు ఇవ్వండి. ప్రతి ఆదివారం అస్ర్ నుండి మగ్‌రిబ్ దాకా మస్జిద్ వెనుక గది చదువుకునేవారి కోసం తెరిచి ఉంటుంది. దీపం, ఫ్యాను, చాయ్ మా బాధ్యత. పక్కన కూర్చోవడం మీ బాధ్యత. సోదరీమణుల కోసం వేరుగా ఏర్పాటు చేయడానికి కమిటీ సభ్యులు ఒప్పుకున్నారు.

మనందరికీ ఒక చిన్న పని. ఇప్పుడు నమాజు ముగించి కుడివైపు, ఎడమవైపు సలాం చెబుతాము. ఆ సలాం తరువాత లేచి చెప్పులు వెతుక్కునే ముందు పక్కనున్నవారి పేరు అడగండి. వచ్చే జుమా ఆ పేరుగలవారు కనిపించకపోతే ఎక్కడున్నారో విచారించండి. మేము కూడా ఇకపై దుఆ అడిగినవారికి దుఆ చేసే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాము: నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా, నీతో ఎవరున్నారు?

ఓ అల్లాహ్! ఒంటరిగా చదువుకుంటున్న మా బిడ్డల హృదయాలకు నెమ్మదిని ప్రసాదించు. ఓ అల్లాహ్! చింత నుండి, దుఃఖం నుండి, నిస్సహాయత నుండి వారిని కాపాడు. వారు నోరు విప్పినప్పుడు వినే చెవులను మాకు ప్రసాదించు. వారు నోరు విప్పలేనప్పుడు గమనించే కళ్ళను ప్రసాదించు. వ్యాధిగ్రస్తులకు స్వస్థతను, వారికి సేవ చేసేవారికి సహనాన్ని ప్రసాదించు. ఆ రాత్రి తన స్నేహితుని పక్కన తెల్లవారే దాకా కూర్చున్న నీ దాసునికి ఇహపరాల్లో గౌరవాన్ని ప్రసాదించు. మా ఏమరుపాటును క్షమించు.

ఆమీన్. పంక్తులు సరిచేసుకోండి. భుజానికి భుజం కలపండి. మధ్యలో ఖాళీ వదలకండి.